పేరు తీసేసిన శోకం

ఆ వేసవిలో మా నిక్షిచ్ ఊళ్ళో రేడియో లేని కొట్టు లేదు, ఆ రేడియోలో ఆ పాట రాని పూట లేదు. కానీ నల్ల తలగుడ్డ కట్టుకున్న మిలూషా వీధి మలుపు తిరిగిందంటే చాలు, రొట్టెల కొట్టులో రేడియో ఠక్కున ఆగిపోయేది. ఆ తర్వాత మాంసం కొట్టులో, ఆ తర్వాత మంగలి షాపులో. ఆమె బస్సెక్కితే డ్రైవరు కూడా చెయ్యి చాచి మీట తిప్పేసేవాడు. ఎవరూ కూడబలుక్కున్నది కాదు. మా వాళ్ళు వీధిలో గుంట పూడ్చడానికి ఏకం కారు గానీ ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే మాత్రం ఊరు ఊరంతా ఒక్కటవుతుంది.

కొడుకు పోయిన తల్లి. నల్లబట్ట కట్టిన ఏడాదంతా ఆ ఇంట్లో రేడియో పలకదు, టీవీ మీద కప్పిన గుడ్డ తియ్యరు, పెళ్ళిళ్ళకు వెళ్ళరు. అలాంటి మనిషి ఎదురుగా పాట మోగించడం మర్యాద కాదు కాబట్టి ఆపుతున్నారని మిలూషా అనుకునేది. పాపం, ప్రతి కొట్టు దగ్గరా తల ఊపి మరీ కృతజ్ఞత చెప్పేది.

అసలు సంగతి వేరు. ఆ పాట ఆమెదే. కొడుకు తాదియా శవం ముందు నిలబడి ఆమె పెట్టిన శోకమే అది. దాన్ని తీసుకెళ్ళి రికార్డు చేసినవాడు ఆమె మరిది బ్లాజో కొడుకు విదాక్.

విదాక్, తాదియా అన్నదమ్ముల పిల్లలు. ఒకే పెరడు, ఒకే పళ్ళెం, ఒకే సైకిలు. తాదియా రెండేళ్ళు పెద్ద. బ్లాజో గరాజులో ఉన్న పాత కారును వానకు బయట వదిలేసి అక్కడ డ్రమ్స్ పెట్టింది తాదియాయే. విదాక్‌కు గిటారు, బడిలో తోటిపిల్ల సెంకాకు బాస్ గిటారు అప్పజెప్పిందీ అతనే. గని నుంచి బాక్సైటు బండ్లు వెళ్ళినప్పుడల్లా ఆరేసిన బట్టల మీద వాలే దుమ్మును తలుచుకుని బ్యాండుకు 'ఎర్ర దుమ్ము' అని పేరు పెట్టింది కూడా అతనే. ఆ డ్రమ్స్ మోతకు పెరట్లో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని బ్లాజో అందరితో చెప్పుకుని తిట్టేవాడు. తాదియాకు ఒకే కోరిక, ఒక రికార్డు. "ఒక్కటి చాలురా. అట్ట మీద మన మొహాలు, వెనకాల మన పేర్లు. మా అమ్మ దాన్ని అలమరలో పింగాణీ పక్కన నిలబెడుతుంది చూడు" అనేవాడు.

ఒక అక్టోబరు సాయంత్రం వాళ్ళు గరాజులో అతని కోసం ఎదురు చూశారు. "వాడికి టైమంటే లెక్కలేదు, ఏ అమ్మాయితోనో నిలబడి కబుర్లు కొడుతుంటాడు" అని విదాక్ తిట్టాడు. తిట్టిన ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తండ్రి తలుపు దగ్గరికి వచ్చాడు. వానకు తడిసిన మలుపులో తాదియా మోటారు సైకిలు జారింది. ప్రాణం ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు.

మా దగ్గర శవానికి తలవైపు ఆడవాళ్ళు నిలబడతారు. మగవాళ్ళు టోపీలు తీసి వరసగా నిలబడి, నోరు మెదపకుండా వింటారు. పూర్వం మగవాళ్ళు కూడా గొంతెత్తి ఏడ్చేవారట గానీ, ఆ మగవాళ్ళు తాతలతోనే పోయారు. శోకం ఆడదాని సొత్తు. అది ముందే రాసుకునేది కాదు, అప్పటికప్పుడు చనిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ కట్టేది. శవం ముందో సమాధి ముందో తప్ప ఇంకెక్కడా దాన్ని అనరు. చావు లేని ఇంట్లో శోకం తీస్తే చావును కేకేసి పిలిచినట్టే. వంటింట్లో గిన్నెలు తోముతూ ఎవరైనా ఆ రాగం కూనిరాగంగా తీసినా ముసలమ్మలు నోటి మీద కొడతారు.

ఆ రోజు మిలూషా ఇలా అంది:

*చొక్కా ఆరింది, తాదియా,*
*కాఫీ చల్లారింది, తాదియా,*
*ఎవరి చలికి కప్పుకున్నావు*
*ఈ మట్టి దుప్పటి, తాదియా?*
*లేచి రా, తాదియా, పొద్దెక్కింది.*

మగవాళ్ళ వరసలో విదాక్ పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఏడవకూడదు కాబట్టి ఏడవలేదు. ఏడవని ఏడుపు ఎక్కడికి పోతుంది? ఆ శోకం అతని తలలో కూర్చుంది. అన్నం తింటుంటే అదే, నడుస్తుంటే అదే. గిటారు పట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే దాన్ని వెతుక్కునేవి. ఇది పాట అయితే తప్ప తను బతకలేనని అతనికి అనిపించింది. అందులో కపటం ఏమీ లేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

చలికాలంలో రాజధాని బెల్‌గ్రేడ్‌లోని రికార్డుల కంపెనీ నుంచి కబురొచ్చింది. ఎప్పుడో పంపిన టేపు విని, రికార్డు తీస్తామన్నారు. కొత్త డ్రమ్మరును అక్కడే చూసుకున్నారు. రికార్డింగు చూసే బ్రానిమీర్ గారు మంచివాడే, ఎప్పుడూ సిగరెట్టు ఆర్పేవాడు కాదు. తక్కిన పాటలన్నిటికీ తల ఊపాడు. ఈ పాట వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇదీ పాటంటే. ఈ ఒక్కదానితో రికార్డు ఎగిరిపోతుంది. కానీ బాబూ, ఈ తాదియా ఎవరు?"

"మా అన్న. పోయాడు."

"అయ్యో." ఆయన నిజంగానే బాధపడ్డాడు. "చూడు విదాక్, చచ్చిపోయినవాడి పేరు పెట్టి పిలుస్తుంటే కుర్రాళ్ళు దానికి ఎలా ఆడతారు? రేడియోవాళ్ళు వెయ్యరు. ఆ పేరున్న చోట 'నా ప్రియా' అని పెట్టు. అక్షరం అక్షరం సరిపోతుంది. మట్టి దుప్పటి తీసేసి మంచు దుప్పటి చెయ్యి. అయిపోయింది, ప్రేమపాట."

"కుదరదండీ" అన్నాడు విదాక్.

"అయితే పాట వదిలేద్దాం. కానీ ఈ పాట లేకపోతే రికార్డు తీసే ధైర్యం నాకు లేదు. నువ్వే ఆలోచించుకో."

సెంకా అతన్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. "ఒప్పుకోకు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంటుందిరా మన పని."

"తాదియా కోరిందే రికార్డు కదా సెంకా! వాడి కోసమే ఒప్పుకుంటున్నా."

"వాడి కోసం వాడి పేరు తీసేస్తావా?"

విదాక్ భోజనం వేళ దాకా కాదన్నాడు, భోజనం తర్వాత సరేనన్నాడు. తాదియా కోసమే అని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, రికార్డు మీద తన మొహం చూసుకోవాలన్న ఆశ కూడా అందులో ఉంది. ఏ పాలు ఎంతో అతను ఎప్పుడూ కొలుచుకోలేదు.

వసంతంలో రికార్డు వచ్చింది. బ్రానిమీర్ గారి నోటి చలవో ఏమో, నిజంగానే ఎగిరింది. దేశం ఈ చివర స్కోప్యే నుంచి ఆ చివర లుబ్లియానా దాకా ఆ పాట ఎక్కని గుమ్మం లేదు. పటాలంలో కుర్రాళ్ళు కాపలా కాస్తూ పాడారు, పెళ్ళిళ్ళలో జంటలు దానికి కౌగిలించుకుని ఆడారు. కచేరీ హాళ్ళలో విదాక్ "లేచి రా" అనగానే చీకట్లో వేలమంది "నా ప్రియా" అని అందుకునేవారు. మొదట్లో విదాక్ నోటితో నా ప్రియా అన్నా, మనసులో తాదియా అనుకునేవాడు. ఆ చాటు మాటే తన న్యాయం అనుకున్నాడు. తర్వాత తర్వాత ఊళ్ళు ఎక్కువయ్యాయి, నిద్ర తక్కువయ్యింది, మనసులో ఏమనుకుంటున్నదీ చూసుకునే తీరిక లేకపోయింది.

ఇంటికి వచ్చినప్పుడు తండ్రి బ్లాజో రికార్డు అట్ట వైపు కూడా చూడలేదు. ఒక్కటే అడిగాడు. "మీ పెద్దమ్మతో చెప్పావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"ఏడాది తిరిగేలోపు. ఆవిడ ఇంట్లో రేడియో పెట్టరుగా నాన్నా."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట" అని బ్లాజో బయటికి వెళ్ళిపోయాడు.

చెబుదామనే విదాక్ పెరడు దాటి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు. మిలూషా కాఫీ కాచి ముందు పెట్టింది. ఎదుట కూర్చుని అతని మొహం తడిమి చూసింది.

"చిక్కిపోయావేంరా? ఊళ్ళు తిరగడమేనా, తినడం లేదా? ఆ సెంకా కూడా అంతే, గాలికి ఎగిరిపోయేలా ఉంది. రికార్డు బాగా పోతోందటగా."

"పోతోంది పెద్దమ్మా."

"వాడి డ్రమ్ము ఉందా అందులో?"

"లేదు పెద్దమ్మా. వాడు పోయాకే కదా తీసింది." ఇదే సమయం అనుకుని గొంతు సవరించుకున్నాడు. "కానీ వాడి కోసం ఒక పాట ఉంది."

ఆమె మొహం విచ్చుకుంది. ఆ మొహం అలా చూసి నెలలయింది. "వాడి పేరు పెట్టే పాడావా?"

ఇక్కడ కాదనాలి. కాదంటే ఆ మొహం మళ్ళీ మూసుకుపోతుంది. విదాక్ తల ఊపాడు. నోటితో అనలేదు, తల మాత్రం ఊపాడు. అది అబద్ధం కిందికి రాదని ఆ రోజంతా తనకు నచ్చజెప్పుకున్నాడు.

ఇక మిలూషా ఆగలేదు. రొట్టెల కొట్టులో చెప్పింది, నీళ్ళ పంపు దగ్గర చెప్పింది, సమాధి తోటలో పక్క సమాధి కడుగుతున్నవాళ్ళకు చెప్పింది. "మా విదాక్ వాడి పేరు రికార్డుకెక్కించాడు. దేశమంతా నా తాదియా పేరు పలుకుతోందిట. నేను ఏడాది దాటాక వింటాను, తొందరేముంది?" విన్నవాళ్ళు "అవునమ్మా, అదృష్టవంతుడు" అన్నారు. ఒక్కరైనా కాదనలేదు. అనే గుండె ఎవరికుంది? ఆమె వీధి మలుపు తిరిగాక మీటలు తిప్పుకున్నారు.

విదాక్ ఆ వేసవిలో ఇంకా రెండుసార్లు ఊరికి వచ్చాడు. రెండుసార్లూ పెరటి కంచె దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

సంవత్సరీకం రోజు వచ్చింది. గాలి కొండ మీదినుంచి కోసేస్తోంది. కొత్త నల్లరాయి మీద తాదియా బొమ్మ చెక్కారు, చేతిలో డ్రమ్ము కర్రలతో సహా. చుట్టాలు వచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరూ అనుకోనంతమంది కుర్రకారు కూడా వచ్చింది. 'ఎర్ర దుమ్ము' మొదటి డ్రమ్మరు సమాధి అని తెలిసి వచ్చినవాళ్ళు. కుదురుగానే నిలబడ్డారు, చేతుల్లో పూలు పట్టుకున్నారు. బల్ల మీద ఉడికించిన గోధుమలు, రొట్టె, పొగపెట్టిన మాంసం, ద్రాక్ష సారా సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఉదయమే చెప్పేద్దామనుకున్నాడు విదాక్. వంటింటి నిండా ఆడవాళ్ళున్నారు. దార్లో చెబుదామనుకున్నాడు. మిలూషా అతని చెయ్యి పట్టుకుని నడుస్తూ "ఇవాళ సాయంత్రం ఆ రికార్డు పట్టుకురారా, కలిసి విందాం" అంది.

ఆమె రాయి మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. ఏడాది కిందటి చోటునుంచే ఎత్తుకుంది, ఆ రోజు తెగిపోయిన దారాన్ని ముడి వేస్తున్నట్టు.

*చొక్కా ఆరింది, తాదియా...*

వాళ్ళు కావాలని చేసింది కాదు. ముందు వరసలో ఒకమ్మాయి పెదవులు కదిలాయి. పక్కనున్న కుర్రాడు గొంతు కలిపాడు. మూడో పాదం వచ్చేసరికి వెనకాల ఉన్నవాళ్ళంతా మెల్లగా, కళ్ళు మూసుకుని, నిజమైన దుఃఖంతోనే పాడుతున్నారు. పాటను గౌరవిస్తున్నామనే వాళ్ళ నమ్మకం. "ఈ మట్టి దుప్పటి, తాదియా" అని మిలూషా అంటుంటే, దాని మీద వాళ్ళందరి గొంతూ పడింది. "ఈ మంచు దుప్పటి, నా ప్రియా."

మిలూషా ఆగిపోయింది. వాళ్ళు ఇంకో పాదం పాడి ఆగారు.

"మీకెక్కడిదమ్మా ఇది?" అని దగ్గరున్న అమ్మాయిని అడిగింది.

"రేడియోలో వస్తుందిగా నానమ్మా. అందరికీ వచ్చు."

"ప్రియ ఎవరు?"

అమ్మాయి బెదిరిపోయింది. "ఎవరూ కాదండీ. పాటలో అమ్మాయి."

"మరి తాదియా?"

మిలూషా ఆడవాళ్ళ వైపు తిరిగింది. రొట్టెల కొట్టు ఆవిడ తలగుడ్డ సరిచేసుకుంది, పక్కింటావిడ నేల చూసింది. అప్పుడు ఆమె మగవాళ్ళ వరసలోకి చూసింది. విదాక్ వరసలోంచి బయటికి వచ్చాడు.

"నేనే పెద్దమ్మా. నీ శోకం నేనే పాట చేశాను. పేరుంటే రికార్డు రాదన్నారు. తీసేశాను. నీతో అబద్ధమాడాను."

ఆమె అరవలేదు. అరిచినా అతనికి కాస్త తేలికయ్యేది. "ఆ రోజు వాడికివ్వడానికి నా దగ్గర అదొక్కటే ఉందిరా" అంది. "ఇంకేం మిగల్లేదు. అది నువ్వు పట్టుకెళ్ళావు. పట్టుకెళ్తే పట్టుకెళ్ళావు, నువ్వూ వాడి తమ్ముడివే, నీకూ ఏడవాలనుంటుంది. పేరెందుకు తీశావురా? పేరు తీసేస్తే అది ఎవరి మీద ఏడ్చినట్టు?"

విదాక్ తల దించుకున్నాడు.

"దేశమంతా వాడి పేరు పలుకుతోందని వేసవంతా చెప్పుకు తిరిగాను. పిచ్చిదాన్ని." గాలికి ఎగిరే గుడ్డను గడ్డం కింద బిగించుకుంది. "పాడు. ఇక్కడ, వాడి ముందు. పేరు పెట్టి పాడు."

బ్లాజో ముందుకు వచ్చాడు. "వదినా, తప్పు వాడిదే, కాళ్ళు పట్టుకోమను. కానీ మగవాడు శోకం పెట్టడం మన ఇంటా వంటా లేదు."

"మగవాడు శోకాన్ని రికార్డు మీద అమ్ముకోవచ్చు గానీ సమాధి దగ్గర పాడకూడదా బ్లాజో?"

బ్లాజో వెనక్కి తగ్గాడు.

విదాక్ రాయి ముందు నిలబడ్డాడు. గిటారు లేదు, దాక్కోవడానికి చీకటి లేదు. రాతి మీద తాదియా నవ్వుతున్నాడు. విదాక్ ఊపిరి పీల్చి ఎత్తుకున్నాడు.

"చొక్కా ఆరింది, నా ప్రియా..."

తన నోటివెంట ఏం వచ్చిందో అతను విన్నాడు. అందరూ విన్నారు. సెంకా రెండు చేతులతో మొహం కప్పుకుంది. విదాక్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ చోటుకు వచ్చేసరికి నాలుక దానంతట అది పాత దారే పట్టింది, మళ్ళీ నా ప్రియా అంది. తాదియా అన్న మాట తను ఎన్ని నెలలుగా పైకి అనలేదో అప్పుడు తెలిసింది. మనసులో దాచానని అనుకున్న చోట వెతుక్కుంటే అక్కడ కూడా లేదు. అతను అలాగే నోరు తెరిచి నిలబడిపోయాడు. ఆ తర్వాత భుజాలు అదిరాయి. మగవాళ్ళ వరస ముందు, తండ్రి ముందు, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడాది కిందట ఏడవాల్సిన ఏడుపు.

మిలూషా అతన్ని కాసేపు అలా ఏడవనిచ్చింది. తర్వాత దగ్గరికి వచ్చి, తన నల్ల తలగుడ్డ కొసతో అతని ముక్కు తుడిచింది.

"తాదియా అను."

"తాదియా."

"మళ్ళీ."

"తాదియా."

"ఇప్పుడు మొదటినుంచి."

ఈసారి చివరిదాకా పాడాడు. గొంతు చాలాచోట్ల విరిగింది, రాగం తప్పింది. ఏ రేడియోవాడూ వెయ్యని పాట అది. మంచు పోయి మట్టి వచ్చింది. నాలుగు చోట్లా పేరు వచ్చింది. మా పద్ధతి ప్రకారం ఆడవాళ్ళు చివర్లో "అయ్యో తండ్రీ" అని అందుకున్నారు. మగవాడి శోకానికి మా ఊరి ఆడవాళ్ళు బదులు పలకడం నేను అంతకు ముందు వినలేదు.

"ఆ రికార్డు మార్చి తీస్తారా?" అని మిలూషా అడిగింది.

"కుదరదు పెద్దమ్మా. ఊరూరా ఉంది. వెనక్కి తీసుకోలేం."

"వెనక్కి రాదు." ఆమె ఆ మాట తనలో తాను మరోసారి అనుకుంది. తర్వాత పూలు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ కుర్రకారును చూసింది. "ఏమే అమ్మాయ్, నీకు బాగా వచ్చుగా. నువ్వు పాడు. వాడు నేర్పినట్టు కాదు. నేనన్నట్టు."

ఆ అమ్మాయి పాడింది, పేరు దగ్గర తప్పింది. పక్క కుర్రాడూ తప్పాడు. రేడియో నేర్పిన నాలుకలు కదా, అంత తేలిగ్గా వదలవు. మిలూషా కసరలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నిలబడింది, తప్పినవాళ్ళ చేత మొదటినుంచి పాడించింది. రొట్టెల కొట్టు ఆవిడ చేత పాడించింది. బస్సు డ్రైవరు చేత పాడించింది. బ్లాజో కూడా, టోపీ చేత్తో నలుపుతూ, ఆ పేరు అన్నాడు. గాలికి సారా గ్లాసులు రెండు పడి పగిలాయి, గోధుమలు చల్లారిపోయాయి. అక్కడున్న ప్రతి నోరూ తాదియా అనేదాకా ఆమె ఎవరినీ భోజనానికి పిలవలేదు.